దక్షిణం వైపు నాన్నగారు ఎందుకు ఎక్కువసేపు నిలబడేవారు?

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు కనుక వేయడం లేదు. ఆమె వయసు 43. ఒక పాఠశాలలో లెక్కలు చెబుతారు. భర్తకు సరిహద్దు అవతల పాతపట్నంలో చిన్న దుకాణం ఉంది. పిల్లలతో సహా అందరూ ఆమె తల్లిగారింట్లోనే ఉంటున్నారు. ఆమె తండ్రి రోజూ స్నానం చేసి, తడి పంచెతోనే పెరట్లో తులసికోట దగ్గర చెంబు పట్టుకుని నిలబడేవారట. ముందు తూర్పుకు, ఆ తరువాత కుడివైపుగా తిరుగుతూ దక్షిణానికి, పడమరకు, ఉత్తరానికి కాసిని నీళ్లు వదిలి దణ్ణం పెట్టేవారట. మూడు దిక్కులకు ఒక్కొక్క దణ్ణంతో సరిపెట్టి, దక్షిణం దగ్గర మాత్రం పెదవులు కదుపుతూ చాలాసేపు నిలబడేవారట. పోవడానికి వారం ముందు మంచం మీద నుంచి కూతురిని పిలిచి, "దిక్కులకు దణ్ణం మానకమ్మా" అన్నారట. ఎందుకో చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఆయన పోయి పది నెలలైంది. ఆ మాట ప్రకారం ఆమె రోజూ దణ్ణం పెడుతున్నారు. విశాఖపట్నంలో ఉంటున్న తమ్ముడు ఈమధ్య ఒక వాస్తు సిద్ధాంతిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇల్లు దక్షిణ సింహద్వారమని, అది యముడి దిక్కని, సంవత్సరీకంలోగా ఆ గుమ్మం మూసేసి తూర్పు సందులోకి కొత్త గుమ్మం తెరవాలని ఆ పెద్దమనిషి చెప్పాడు. ఖర్చు తానే పెట్టుకుంటానని తమ్ముడు అంటున్నాడు. ఆడవాళ్లు దక్షిణానికి మొక్కకూడదని కూడా అక్కకు గట్టిగా చెప్పి వెళ్లాడు. అప్పటి నుంచి 70 ఏళ్ల తల్లి దీపాలు పెట్టే వేళ దాటితే ఆ గడప తొక్కడం లేదు. కూతురు పెరట్లో దక్షిణానికి తిరగబోతే వెనక నుంచి వచ్చి భుజం పట్టుకుని పక్కకు తిప్పేస్తున్నారు. నాన్నగారు అక్కడ ఎందుకు అంతసేపు నిలబడేవారు, ఆ అలవాటు నేను కొనసాగించడం తప్పా, గుమ్మం సంగతి ఏం చేయాలి అని మూడు ప్రశ్నలు అడిగారు.

అమ్మా, మీ ఉత్తరంలో భుజం పట్టుకుని తిప్పేస్తున్నారన్న వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మీరు నాన్నగారికిచ్చిన మాట మీద నిలబడ్డారు, అమ్మగారు మీ ప్రాణం మీద భయంతో ఉన్నారు, తమ్ముడు దూరంగా ఉండి ఏదో ఒకటి చేసి ఇంటిని కాపాడాలని తాపత్రయపడుతున్నాడు. ముగ్గురిదీ ప్రేమే అయినా, ముగ్గురూ దక్షిణమనే ఒక్క మాట దగ్గరే చిక్కుకుపోయారు. అందువల్ల ముందు ఆ మాట సంగతి చూద్దాం, గుమ్మం దగ్గరకు తరువాత వద్దాం.

మన పెద్దలు దిక్కులకు పేర్లు పెట్టింది పొద్దున్నే సూర్యుడికి ఎదురుగా నిలబడి. అలా నిలబడ్డ మనిషికి ముందున్నది ప్రాచి, వెనకపడ్డది ప్రతీచి. దక్షిణమంటే కుడి. దేవుణ్ణి కుడివైపున ఉంచుకుని చుట్టూ తిరగడాన్ని ప్రదక్షిణమనడానికి కారణం అదే. మీ అమ్మగారు 19వ ఏట కొత్త కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టారని రాశారు. అప్పుడు గడప దాటించింది కుడికాలితోనే కదా! శుభమని మనం ముందుకు చాచే చేతికీ, ముందు వేసే కాలికీ ఉన్న పేరే ఆ దిక్కుకూ ఉంది.

యముడు దక్షిణ దిక్పాలకుడన్న మాట నిజమే, దాన్ని నేను కాదనను. తూర్పున ఇంద్రుడు, దక్షిణాన యముడు, పడమట వరుణుడు, ఉత్తరాన కుబేరుడు అన్నది మనందరికీ తెలిసిన వరుస. అయితే అంతకంటే పాత వరుస ఒకటి అథర్వవేదం మూడో కాండలో, 27వ సూక్తంలో ఉంది. అందులో నాలుగు దిక్కులతో పాటు కిందికీ పైకీ కూడా, ఒక్కొక్క దిక్కుకు ఒక అధిపతిని, ఒక రక్షకుణ్ణి, కొన్ని బాణాలను చెప్పి, వాటన్నిటికీ నమస్కారం చేస్తారు. తూర్పుకు అధిపతి అగ్ని, బాణాలు ఆదిత్యులు. పడమరకు అధిపతి వరుణుడు, బాణం అన్నం. ఉత్తరానికి అధిపతి సోముడు, బాణం పిడుగు. దక్షిణానికి అధిపతి ఇంద్రుడు, అక్కడి బాణాలు పితృదేవతలు. అంటే ఆ వైపు నుంచి మనకు కీడు రాకుండా అడ్డుపడే అమ్ములు మన తాతలు, ముత్తాతలు. కాలక్రమంలో అధిపతి మారాడు గాని, దక్షిణం పితృదేవతల చోటన్న మాట మాత్రం వేదకాలం నుంచి ఇప్పటిదాకా నిలిచి ఉంది.

ఆ యముణ్ణి కూడా మనం సగమే గుర్తుపెట్టుకున్నాం. కఠోపనిషత్తులో నచికేతుడనే పిల్లవాడు యముడి ఇంటి ముందు మూడు రాత్రులు తిండి లేకుండా ఉంటే, అతిథిని పస్తుంచానని నొచ్చుకుని మూడు వరాలిచ్చి, చివరకు ఆత్మవిద్య చెప్పిన గురువు ఆయనే. శివుడు గురువుగా కూర్చున్నప్పుడు దక్షిణానికే ముఖం పెట్టి దక్షిణామూర్తి అయ్యాడు. సీతమ్మను వెతకడానికి సుగ్రీవుడు వానరులను నాలుగు దిక్కులకూ పంపాడు. తూర్పుకు వెళ్లిన వినతుడు, పడమరకు వెళ్లిన సుషేణుడు, ఉత్తరానికి వెళ్లిన శతబలి ఉత్త చేతులతో తిరిగివచ్చారు. ఆమె జాడ దొరికింది దక్షిణానికి వెళ్లిన హనుమంతుడికి.

ఇక నాన్నగారి సంగతి. తర్పణాలు విడిచేవారిని దగ్గరగా చూసే ఉంటారు. దేవతలకు విడిచేటప్పుడు తూర్పుకు, ఋషులకు ఉత్తరానికి, పితరులకు దక్షిణానికి తిరుగుతారు. జంధ్యం ఎడమ భుజం మీద నుంచి దండలా మెడలోకి, అక్కడి నుంచి కుడి భుజం మీదికి మారుతుంది. నీళ్లు కూడా పితరులకైతే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి జారవిడుస్తారు. ఒక్క కూర్చోవడంలో మనిషి మూడు దిక్కులు తిరిగి మూడు రుణాలు తలచుకుంటాడు. నాన్నగారు తులసికోట దగ్గర చేసింది శాస్త్రోక్తమైన తర్పణం కాకపోయినా, దాని నీడ అందులో ఉందని నాకు అనిపిస్తోంది. మీరు ఉత్తరం మూడో పేజీలో, ముఖ్యం కాదన్నట్టుగా, మీ తాతగారు నరసన్నపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి పర్లాకిమిడిలో స్థిరపడ్డారని రాశారు. పర్లాకిమిడిలో నిలబడితే నరసన్నపేట దాదాపు దక్షిణంగా ఉంటుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి, పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలై, సరిహద్దు గీత ఊరికి దిగువనే పడినప్పుడు మీ కుటుంబం వంటి ఎన్నో కుటుంబాలకు పుట్టిన ఊరు ఒక రాష్ట్రంలో, బతుకుతున్న ఊరు ఇంకో రాష్ట్రంలో అయ్యాయి. నాన్నగారి మనసులో ఏముందో నేను ఖాయంగా చెప్పలేను. కానీ తల్లిదండ్రులు పోయిన మనిషి, పితరుల దిక్కూ పుట్టిన నేల దిక్కూ ఒకటే అయిన చోట నిలబడి, పెదవులు కదుపుతున్నాడంటే, ఆయన మృత్యువును పిలుస్తున్నాడని అనుకోవడానికి నాకు మనసు ఒప్పడం లేదు. ఆయన తన వాళ్ల పేర్లు తలచుకుంటున్నారనే అనుకుంటున్నాను.

మీ రెండో ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఒక పాత కథలో ఉంది. పాళీ భాషలోని బౌద్ధ గ్రంథం దీఘనికాయంలో సిగాలుడనే యువకుడు కనిపిస్తాడు. రాజగృహంలో పొద్దున్నే తడి బట్టలతో, తడి జుట్టుతో చేతులు జోడించి ఆరు దిక్కులకూ మొక్కుతున్న అతణ్ణి బుద్ధుడు చూసి ఎందుకని అడుగుతాడు. చనిపోయేముందు మా నాన్న చెప్పాడు, అందుకని చేస్తున్నాను అంటాడు సిగాలుడు. మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఒళ్లు జలదరించింది, ఎందుకంటే తడి పంచె దగ్గర నుంచి చివరి మాట దాకా ఇది మీ ఇంటి కథే. బుద్ధుడు అతణ్ణి మానేయమనలేదు. తూర్పంటే తల్లిదండ్రులు, దక్షిణమంటే గురువులు, పడమరంటే భార్యాబిడ్డలు, ఉత్తరమంటే స్నేహితులు, కిందంటే మన దగ్గర పనిచేసేవారు, పైనంటే శ్రమణులు, బ్రాహ్మణులు అని చెప్పి, ఒక్కొక్కరి పట్ల మనం చేయవలసినదీ, వారు మన పట్ల చేయవలసినదీ వివరించాడు. తెలుగులో మనకు ఈ అర్థం ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. "నీవే దిక్కు" అంటాం, "దిక్కూ మొక్కూ లేనివాడు" అంటాం. దిక్కంటే మనకు ఆసరా. నాన్నగారు దిక్కులకు దణ్ణం మానవద్దన్నప్పుడు ఈ రెండో అర్థం కూడా ఆ మాటలో ఉందని నేను నమ్ముతున్నాను.

ఆడవాళ్లు దక్షిణానికి మొక్కకూడదన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. తండ్రి ఉన్నవాళ్లు పితృతర్పణం చేయకూడదని, ఆ కర్మ కొడుకే చేయాలని మన ఇళ్లలో కట్టడి ఉంది. తర్పణం గురించిన ఆ కట్టడి నోట నోట పడి దిక్కు మొత్తానికీ పాకిపోయింది. నమస్కారం కర్మకాండ కాదు, దానికి అధికారం ఎవరూ ఇవ్వనక్కరలేదు. కాబట్టి నాన్నగారు పెట్టినట్టే నాలుగు దిక్కులకూ మీరు దణ్ణం పెట్టుకోవచ్చు. అయితే అమ్మగారు వెనక నిలబడి వణుకుతుండగా పట్టుదలకు చేస్తే ఆ దణ్ణంలో శాంతి ఉండదు, ఆవిడ భయం కూడా రోజుకొకసారి పచ్చిగా అవుతుంది. సంవత్సరీకం దాకా తూర్పుకు తిరిగి నిలబడే నాలుగు దిక్కులనూ మనసులో తలచుకుంటే ఇంట్లో పోరు తగ్గుతుంది గాని, నాన్నగారి మాట తప్పానన్న నొప్పి మీకు మిగలవచ్చు. మూడో దారి అమ్మగారిని పక్కన నిలబెట్టుకుని చేయడం. ఇది ఆలస్యంగా కుదిరే దారి. మొదట్లో ఆవిడ రారు కూడా. నా మొగ్గు దీనివైపే, ఎందుకో చివర చెబుతాను.

గుమ్మం దగ్గరకు వద్దాం. నేను బరంపురంలో పుట్టి పెరిగినదాన్ని. మా వీధి తూర్పు నుంచి పడమరకు సాగేది. ఉమ్మడి గోడలతో వరసగా కట్టిన పొడుగాటి ఇళ్లకు వీధివైపు ఒక గుమ్మం, వెనక పెరటివైపు ఒక గుమ్మం తప్ప పక్కలకు దారి ఉండదు. అలాంటి వీధిలో ఒక వరస ఇళ్లన్నీ ఉత్తరానికి, ఎదురు వరస ఇళ్లన్నీ దక్షిణానికి తెరుచుకోక తప్పదు. మాది దక్షిణానికి తెరుచుకునే వరస. ఆ వరసలో పురుళ్లూ పెళ్లిళ్లూ చావులూ ఎదురు వరసలో జరిగినట్టే జరిగాయి.

వాస్తును గౌరవించే ఇల్లైతే వాస్తు మాటనే పూర్తిగా వినాలి. వరాహమిహిరుడి బృహత్సంహితలో ఇంటి ఒక్కొక్క గోడకు ఎనిమిది ద్వారస్థానాలు, ఒక్కొక్క దానికి ఒక ఫలం చెప్పారు. దక్షిణపు గోడకు ఆగ్నేయ మూల నుంచి లెక్కపెడితే నాలుగో స్థానంలో గుమ్మముంటే తిండికీ పానీయానికీ లోటుండదని, సంతానం వృద్ధి అవుతుందని ఉంది. తూర్పు గోడకు ధనమూ రాజాదరమూ ఇచ్చే స్థానాలున్నట్టే కోపం, అబద్ధం, క్రూరత్వం, దొంగతనం ఇచ్చే స్థానాలూ ఉన్నాయి. అంటే తూర్పు సందులోకి ఎక్కడ వీలైతే అక్కడ గోడ కొట్టి గుమ్మం పెట్టినంత మాత్రాన ఆ శాస్త్రం ప్రకారమే మేలు జరిగిపోదు. మనుస్మృతి రెండో అధ్యాయం తూర్పుకు తిరిగి తింటే ఆయుష్షు, దక్షిణానికి తిరిగి తింటే కీర్తి, పడమరకు సంపద, ఉత్తరానికి సత్యం అంటుంది. మూడో అధ్యాయంలో శ్రాద్ధభోజనం దగ్గరకు వచ్చేసరికి దక్షిణానికి తిరిగి తినవద్దంటుంది. చేసే పనిని బట్టి దిక్కుకు అర్థం మారుతుందని మన గ్రంథాలు ఇలా ఎన్నో చోట్ల చూపిస్తాయి. చైనాలోనైతే చక్రవర్తి సింహాసనమే దక్షిణాభిముఖం, అక్కడ ఇంటికి కూడా అదే మంచి ముఖమని పాతకాలం నుంచి నమ్మకం.

అంత దూరం కూడా వెళ్లనక్కరలేదు. పూరీ జగన్నాథుడి గుడికి నాలుగు ద్వారాలు. తూర్పున సింహద్వారం, దక్షిణాన అశ్వద్వారం, పడమట వ్యాఘ్రద్వారం, ఉత్తరాన హస్తిద్వారం. కరోనా రోజుల నుంచి భక్తులకు రాకపోకలు కుదించి, 2024 జూన్‌లో మళ్లీ నాలుగూ తెరిచారు. గుర్రాల మధ్య నుంచి దక్షిణపు గుమ్మంలో లోపలికి వెళ్లే భక్తుడు యముణ్ణి తలచుకోడు. మీకు దగ్గర్లోని శ్రీకూర్మంలో స్వామి పడమటికి చూస్తూ ఉంటాడు. తూర్పున ఒకటి, పడమట ఒకటి రెండు ధ్వజస్తంభాలు కూడా ఉన్నాయి. పితృకార్యాలు చేసుకునేవారు అక్కడికి వస్తూనే ఉంటారు. అమ్మగారికి ప్రయాణం ఓపిక ఉంటే ఒకసారి తీసుకెళ్లండి. ఎదురుచూసినట్టు తూర్పుకు కాకుండా వెనక్కి తిరిగి ఉన్న దేవుడి ముందు కాసేపు కూర్చుంటే, నేను రాసిన ఇన్ని మాటల కంటే ఆవిడకు అది ఎక్కువ ధైర్యమివ్వవచ్చు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. గుమ్మం మూసేస్తే తమ్ముడు ఊరట పడతాడు, అమ్మగారు కూడా కొన్నాళ్లు తేలికపడవచ్చు. కానీ ఆవిడ సాయంత్రాలు గడిపే వీధి అరుగు, ఎదురింటివాళ్లతో పలకరింపు, దక్షిణపు గాలి ఆ గుమ్మంతోనే పోతాయి. ఇంట్లో తరువాత ఎవరికి జ్వరమొచ్చినా ఇంకొక గోడ వంక చూసే అలవాటు పడుతుంది. పాతది ఉంచి తూర్పుకు మరొకటి తెరిస్తే ఎవరి మాటా పూర్తిగా కాదన్నట్టు ఉండదు. అయితే పాత ఇంటి గోడ ఎంత బరువు మోస్తోందో తెలిసిన మేస్త్రి చూడాలి, సందు ఉమ్మడిదైతే పొరుగువారి సమ్మతి కావాలి. ఏమీ మార్చకుండా ఉంచడం మూడోది. దానివల్ల తమ్ముడి మనసు కష్టపడుతుంది. రేపు ఏ చిన్న చెడు జరిగినా, నేను ముందే చెప్పానన్న మాట మీరు పడవలసి వస్తుంది. దానికి మీరు సిద్ధపడి ఉండాలి. ఏది ఎంచుకున్నా సంవత్సరీకంలోగా వద్దని మాత్రం నా అభిప్రాయం. ఇంటి పెద్ద పోయిన ఏడాది తిరగకుండా ఇంటి గోడలు కదిలించవద్దని మన పెద్దలనే మాట కూడా తమ్ముడికి గుర్తుచేయవచ్చు. సంవత్సరీకం రోజున అతను దక్షిణానికే తిరిగి తండ్రికి నువ్వులూ నీళ్లూ విడవాలి. పురోహితుణ్ణి ముందుగా కలిసి, ఆ తిరగడం ఎందుకో అమ్మగారి ఎదుట రెండు మాటల్లో చెప్పమని అడగండి. అతనితో వాదించేటప్పుడు ఒక్కటి మరచిపోకండి. నాన్నగారి ఆఖరి వారం మీరు పక్కనున్నారు, అతను లేడు. ఆ లోటుకు అతను ఖర్చు రూపంలో వెల కడుతున్నాడు.

అమ్మగారి భయం యముడి గురించి కాదేమోనని నా అనుమానం. దణ్ణాలు పెట్టి నాన్నగారిని ఆ గుమ్మంలో నుంచే తీసుకువెళ్లారని మీరు ఒక వాక్యంలో రాసి వదిలేశారు. చీకటి పడితే ఆవిడకు ఆ గడప మీద కనిపిస్తున్నది ఆ దృశ్యమే అయి ఉండవచ్చు. సిద్ధాంతి మాట దానికి ఒక పేరు మాత్రం ఇచ్చింది. సాయంత్రం మీరు బడి నుంచి రాగానే దీపం పెట్టి, ఆవిడ చేయి పట్టుకుని, గడప ఇవతలే కాసేపు కూర్చోండి. నాలుగు రోజులకో పది రోజులకో అరుగు మీదికి రావచ్చు. నిద్ర, తిండి బాగా తగ్గిపోయాయనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

ఆవిడను పక్కన నిలబెట్టుకుని దణ్ణం పెట్టమనడానికి కారణం చెబుతానన్నాను. నాన్నగారికి రోజూ చెంబుతో నీళ్లు తోడి అందించింది అమ్మగారేనని మీరే రాశారు. యాభై ఏళ్లు ఆ పెరట్లో ఆయన వెనక రెండడుగుల దూరంలో నిలబడిన మనిషికి, దక్షిణం దగ్గర ఆయన పెదవుల మీద ఏ పేర్లు ఆడేవో వినిపించకుండా ఉండదు. ఎందుకు నిలబడేవారని ఆవిడను మీరు ఇంతవరకూ అడిగినట్టు ఉత్తరంలో లేదు. ఒక ఆదివారం పొద్దున్న తులసికోట దగ్గర కూర్చోబెట్టి, ఆ పేర్లేమిటో అడగండి. చెప్పినన్ని రాసుకోండి.